బొమ్మ కింది అక్షరాలు కత్తిరించకండి

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో పగోడా, వంపు వంతెన ఉన్న అచ్చు బొమ్మ వేసి, కింద 'ప్రాచీన చైనా ఉద్యానం' అని రాశారు. అది 18వ శతాబ్దంలో యూరప్‌లో రాగిరేకు మీద చెక్కి తీసిన అచ్చు. పిల్లలమర్రిని చూడనివాడు, చూసినవాళ్లు చెబితే విని ఊడలు గీసినట్టుంటాయి అలాంటివి చాలావరకు.

స్వయంగా చూసి చెక్కినవాళ్లు కొద్దిమందే. ఇటలీ మిషనరీ మత్తేయో రిపా, చైనా చక్రవర్తి కాంగ్షీ చెప్పగా జెహోల్ అనే చోట ఉన్న ఆయన వేసవి విడిదిని 36 రేకుల మీద చెక్కాడు. ముందు పెట్టుకున్నది మాత్రం చైనా చిత్రకారుల చెక్క అచ్చులనే. అక్కడ ఘాటైన సిర్కా (వినెగర్) దొరక్క, గీతలు పడేలా రాగిని తినాల్సిన ఆమ్లపు మందు సరిగా తినలేదు, గీతలు పైపైనే పడ్డాయి. ఆ అచ్చులు 1724లో ఆయనతోపాటు లండన్ చేరాయి.

బ్రిటిష్ వాస్తుశిల్పి విలియం చాంబర్స్ చైనాలోని కాంటన్ రేవు దాకా వెళ్లొచ్చి 1757లో చైనా కట్టడాల నమూనాలు అచ్చువేశాడు. 1762కల్లా లండన్ దగ్గర క్యూ తోటలో ఆయన పగోడా లేచింది. దాని అంతస్తులు పది! చైనాలో పగోడాకు ఏడో, తొమ్మిదో, పదమూడో, సాధారణంగా బేసి లెక్కే, మన గోపురం మీది కలశాల్లాగా. బొమ్మలో అంతస్తులు సరిసంఖ్యలో కనిపిస్తే అనుమానించాల్సిందే. పారిస్‌లో లె రూజ్ అనే ప్రచురణకర్త 1770ల మధ్య నుంచి దాదాపు 500 రేకులు తెచ్చాడు. వాటిలో చాలా భాగం ఇతరుల బొమ్మలకు నకళ్లే. నకలుతో ఒక చిక్కుంది. బొమ్మను చూసినది చూసినట్టే రేకు మీద చెక్కితే, కాగితం మీద అద్దంలోలా తిరగబడి పడుతుంది. ఎడమ ఒడ్డున ఉన్న మంటపం కుడి ఒడ్డుకు పోతుంది.

అసలు అచ్చో కాదో తెలియాలంటే పదింతలు చూపే భూతద్దం చాలు. రాగిరేకు అచ్చులో సిరా గీతలుగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. సన్నని చుక్కలు కనిపిస్తే అది ఈ కాలపు ఆఫ్‌సెట్ యంత్రం మీద తీసిన అచ్చు. చుట్టూ రేకు అంచు నొక్కిన గాడి కూడా ఉండాలి, అంచులు కోసేస్తే తప్ప. ఫ్రేము కట్టించేటప్పుడు హార్డ్‌బోర్డుకు ఫెవికాల్‌తో అంటించనివ్వకండి. అట్టలోని ఆమ్లానికి కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత ఊడదీయడమూ కష్టమే.

బొమ్మ దిగువన ఎడమ మూల 'డెల్' అని ఉంటే గీసినవాడు, కుడి మూల 'స్కల్ప్' అని ఉంటే చెక్కినవాడు. మీరు వేసిన బొమ్మలో సరిగ్గా ఆ పట్టీనే కోసేశారు. ఈసారి దాన్ని ఉంచి వేయండి.

– ఓ డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్