కాలు తీశాక ఇచ్చే పింఛన్ సరే, ఇప్పుడు గుడ్డు సంగతి చూడండి

వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

మిర్యాలగూడ నుంచి రాస్తున్నాను. మా నాయిన కాలి పుండు మానడానికి బలమైన తిండి ఇప్పించమని ఇప్పటికి మూడుసార్లు ప్రజావాణిలో, అంటే సోమవారం సోమవారం అర్జీలు తీసుకునే చోట, అర్జీ పెట్టాను. మూడు రసీదులూ భద్రంగా ఉన్నాయి. జవాబే రాలేదు.

మా నాయిన రైస్ మిల్లులో హమాలీ. పన్నెండేళ్ల నుంచి షుగర్. ఎండాకాలం మిల్లు గచ్చు మీద చెప్పుల్లేకుండా నడిచాడు. షుగర్ వల్ల అరికాలికి స్పర్శ లేదు కదా, బొబ్బలెక్కిన సంగతి సాయంత్రం అమ్మ చూసేదాకా తెలియలేదు. బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు, ఏడు నెలలైనా మానలేదు.

పప్పు తింటే చీము పడుతుందని మొదటి రెండు నెలలు మేమే చారన్నం పెట్టాం. ఆ తప్పు మాదే. డాక్టరు గారు తిట్టి, కిడ్నీ పరీక్ష చేయించి, చీటీ మీద ప్రోటీన్ పొడి అని రాసి కింద గీత గీశారు. దవాఖానాలో మందులిచ్చే కిటికీ దగ్గర అడిగితే 'అది మందు కాదు, బయట కొనుక్కో' అన్నారు. బయట డబ్బా ఎనిమిది వందలు. పది రోజుల డబ్బాని మా అమ్మ నలభై రోజులు సరిపెడుతుంది, రెండు చెంచాలకు బదులు అర చెంచా కలిపి.

ఇలాంటి పుండుంటే కిలో బరువుకు రోజూ 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలట. నాయిన 52 కిలోలు. అంటే తక్కువలో తక్కువ 65 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములు. మిగతా లెక్క మీ ఆఫీసులో ఎవరైనా వేస్తారేమో. పొడి తాగితేనే పుండు మానుతుందని నేననను. షుగర్ అదుపులో ఉండాలి, కాలు మీద బరువు పడకూడదు, తెలుసు. కానీ ఒంట్లో సత్తువ లేకుండా కొత్త చర్మం ఎక్కడి నుంచి వస్తుంది సార్?

మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, సంతోషం. షుగర్ మనిషి మూడు పూటలా అన్నమే తింటే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? టీబీ ఉన్నవాళ్లకు తిండి కోసం నెలకు 1,000 ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే. మా నాయిన పుండు ఎవరికీ అంటదు కాబట్టి లెక్కలోకి రాదా?

కాలు తీసేయాల్సి వస్తే ఆరోగ్యశ్రీ ఉంది. తీసేశాక వైకల్యం సర్టిఫికెట్ తెస్తే నెలకు 4,016 పింఛనూ ఉంది. దాన్ని 6,000 చేస్తామన్న మాట ఇప్పుడెత్తను. కాలు ఉండగా మాత్రం రోజుకు రెండు గుడ్లకు కూడా మీ దగ్గర పద్దు లేదు!

గుడ్లో, పప్పో, పొడో, ఏదో ఒకటి కట్టు కట్టే చోటే ఇప్పించండి. దండం పెడతాను. వచ్చే సోమవారం నాలుగో అర్జీతో పాటు ఖాళీ డబ్బా కూడా తెస్తాను. దానికీ ఒక రసీదు ఇవ్వమనండి.

ఇట్లు,
ఒక హమాలీ కొడుకు