ఇమ్యూనిటీ చచ్చిపోతే ఆ యాంటీబాడీలు ఎక్కడివి?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో పేగు జబ్బులకు వాడే బయోలాజిక్ మందుల (బతికున్న కణాలతో తయారుచేయించే ప్రొటీను మందుల) మీద వ్యాసం వేశారు. 'రోగనిరోధక శక్తిని చంపేసే ఇంజెక్షన్లు' అని పెద్ద అక్షరాల్లో శీర్షిక. పొద్దున్న ఏడు కాకముందే మా వదిన ఫోన్ చేసి, "ఏమే, నువ్వు పెట్టించుకునేవి ఇవేనా?" అని అడిగింది. ఇవే. నాకు క్రోన్స్ జబ్బు, అంటే పేగుల్లో తగ్గకుండా ఉండిపోయే వాపు, వచ్చి పదకొండేళ్లు. అందులో అయిదేళ్లు ఈ మందుల మీదే నెట్టుకొస్తున్నాను. హైస్కూల్లో లెక్కలు చెబుతాను, డాక్టర్ని కాదు. కానీ నా ఒంట్లోకి ఎక్కే మందు లోపల ఏం చేస్తుందో తెలుసుకోకుండా ఊరుకోలేకపోయాను. మీ శీర్షిక చూసి ఎవరైనా ఈ వారం డోసు మానేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఎందుకంటే ఇలాంటి మాట విని ఒకసారి నేనే మానేశాను.

జబ్బు గురించి ఎక్కువ చెప్పను. పీరియడ్ 45 నిమిషాలు. పదో తరగతి గది గుమ్మం నుంచి టీచర్ల బాత్రూమ్‌కి 62 అడుగులు. ఈ రెండు అంకెలూ నాకు కంఠతా వచ్చేశాయంటే మిగతాది మీకే తెలుస్తుంది. బోర్డు మీద సగం లెక్క వదిలేసి పరిగెత్తి, తిరిగొచ్చేసరికి పిల్లలే దాన్ని పూర్తిచేసి ఏమీ ఎరగనట్టు కూర్చునేవాళ్లు.

నాకు మొదట ఇచ్చింది ఇన్‌ఫ్లిక్సిమాబ్. 1998లో క్రోన్స్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. పేగు జబ్బులకు వచ్చిన బయోలాజిక్స్‌లో అదే మొదటిది. చిన్న సీసాలో అడుగున తెల్లటి పొడి, ఒక్కో సీసాలో 100 మిల్లీగ్రాములు. నర్సమ్మ అందులోకి నీళ్లు ఎక్కించి, సీసాని ఊపకుండా, వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా తిప్పుతుంది. ఊపితే నురగొస్తుందట, అది ప్రొటీను కదా. కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు. నా బరువు 56 కిలోలు, అంటే 280. మూడు సీసాలు విప్పితే 20 మిగులు. అదేం చేస్తారని అడిగితే "పారబోస్తాం మేడమ్" అంది. లెక్కల టీచర్ని, ప్రాణం ఉసూరుమంది. ఆ 280నీ సెలైన్‌లో కలిపి రెండు గంటల పాటు ఎక్కిస్తారు. మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం, ఆ తర్వాత ఎనిమిది వారాలకోసారి.

ఆ మందు లోపలికెళ్లి వెతికేది టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీనుని. పేగు గోడలో ఉండే మ్యాక్రోఫేజ్‌లు, టి-కణాలు అనే రోగనిరోధక కణాలు దాన్ని తయారుచేస్తాయి. అది ఇంకా కొన్ని కణాలను పిలుచుకొస్తుంది, వాపు పెరుగుతుంది. మామూలుగా అయితే టి-కణం తన పని అయిపోగానే తనంతట తానే చచ్చిపోవాలి. క్రోన్స్ పేగులో అది చావదు. లాంగ్ బెల్లు కొట్టినా ఇంటికి పోని పిల్లల్లా అక్కడే ఉండిపోతుంది. పక్కనున్న మ్యాక్రోఫేజ్ తన పైపొరకి అంటుకుని ఉన్న టీఎన్‌ఎఫ్‌తో దాన్ని తాకి 'ఉండు, ఇంకాసేపు ఉండు' అని చెబుతూనే ఉంటుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వెళ్లి ఆ టీఎన్‌ఎఫ్‌ని పట్టేసుకుంటే ఆ మాట వినపడదు. ఎప్పుడో పోవాల్సిన కణాలు అప్పుడు పోతాయి. ఎటానర్సెప్ట్ అని ఇంకో మందుంది, అదీ టీఎన్‌ఎఫ్‌నే పట్టుకుంటుంది, కీళ్లవాతానికి బాగా పనిచేస్తుంది, కానీ క్రోన్స్‌కి పనిచేయలేదు. కణం పైపొరకి అంటుకున్న టీఎన్‌ఎఫ్ మీద దాని పట్టు చాలకపోవడమే కారణమని పరిశోధకులు వివరిస్తారు.

చంపడం అంటే ఇదీ. ఒంట్లో ఉన్న తెల్లరక్తకణాలన్నీ కాదు. అయిదేళ్లుగా దాచుకున్న నా రక్తపరీక్షల కాగితాల్లో లింఫోసైట్లు (టి-కణాల్లాంటి తెల్లరక్తకణాలు) ఎప్పుడూ మామూలు హద్దుల్లోనే ఉన్నాయి.

ఇక నా తప్పు. రెండో ఏడాది బాగా తేరుకున్నాను. అప్పుడే ఎవరో ఒక వీడియో పంపారు, అందులోనూ మీ శీర్షికలాంటి మాటే. బాగానే ఉన్నాను కదా, ఎందుకు నా ఇమ్యూనిటీని నేనే చంపుకోవడం అనుకుని తేదీ వాయిదా వేశాను. డాక్టర్‌కి చెప్పలేదు. ఎనిమిది వారాలు ఇరవై మూడు వారాలయ్యాయి. మళ్లీ అడుగులు లెక్కపెట్టడం మొదలయ్యాక పరిగెత్తుకుంటూ వెళ్లాను. మొదటి డ్రిప్ ఎలాగో అయింది. రెండోసారి పది నిమిషాలు గడిచాయో లేదో, ముఖం భగ్గుమంది, ఛాతీ పట్టేసింది, రెండు చేతుల మీదా దద్దుర్లు. నర్సమ్మ వచ్చి ముందు డ్రిప్ చక్రం బిగించేసింది, ఆ తర్వాతే నా పేరు పిలిచింది.

రక్తం పరీక్షకి పంపితే అందులో మందు జాడ లేదు. మందుకి వ్యతిరేకంగా యాంటీబాడీలు, అంటే పరాయిదాన్ని పట్టుకోవడానికి రోగనిరోధక శక్తి తయారుచేసే ప్రొటీన్లు, మాత్రం దండిగా ఉన్నాయి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ పేరు మధ్యలో 'క్సి' ఉంటే అది రెండు జాతుల ప్రొటీన్ల కలయిక అని గుర్తట. ఇందులో కొంత భాగం ఎలుకది, మిగతాది మనిషిది. విడవకుండా వాడుతుంటే శరీరం చాలావరకు చూసీచూడనట్టు పోతుంది, మధ్యలో మానేసి మళ్లీ ఎక్కిస్తే పరాయిదని పట్టేసే అవకాశం పెరుగుతుంది అన్నారు డాక్టరుగారు. అలాగని ఎలుక మీదే నెపం వేయలేం, పూర్తిగా మనిషి ప్రొటీనుతో చేసిన అడాలిముమాబ్ మీదా కొందరిలో యాంటీబాడీలు పుడతాయి.

ఇప్పుడు చెప్పండి. మీ వ్యాసం అన్నట్టు నా రోగనిరోధక శక్తి చచ్చిపోయి ఉంటే, చంపిన మందునే గుర్తుపట్టి, దాని మీద యాంటీబాడీలు తయారుచేసి, మంచం మీద నన్ను గజగజలాడించింది ఎవరు?

ఆ మందు ఇక నాకు పనికిరాదన్నారు. వెడోలిజుమాబ్‌కి మార్చారు, 2014లో వచ్చిన మందు. బరువుతో పని లేదు, అందరికీ 300 మిల్లీగ్రాములే, అరగంటలో అయిపోతుంది. ఇది టీఎన్‌ఎఫ్ జోలికే పోదు, కణాలను చంపదు. పేగు వైపు వెళ్లే టి-కణాల మీద ఆల్ఫా-4 బీటా-7 అనే పట్టు ఉంటుంది. పేగు రక్తనాళాల లోపలి గోడ మీద దానికి సరిపోయే కొక్కెం ఉంటుంది. రక్తంలో కొట్టుకుపోతున్న కణం ఆ పట్టుతో కొక్కేన్ని అందుకుని ఆగి, గోడ దాటి పేగులోకి దిగుతుంది. మందు వెళ్లి ఆ పట్టు మీద కూర్చుంటుంది. కణం బతికే ఉంటుంది, రక్తంలో తిరుగుతూనే ఉంటుంది, పేగులోకి మాత్రం దిగలేదు. ముందే దిగిపోయినవాటిని ఇది ఏమీ చేయదు కాబట్టి నిదానం ఎక్కువ. ఫలితం కోసం 14 వారాలైనా చూడాలంటారు. ఆరో వారానికి నాకు ఏమీ తేడా కనిపించక ఏడ్చేశాను. పదమూడో వారంలో వరసగా మూడు రోజులు పీరియడ్లన్నీ పూర్తిగా చెప్పాను.

దీనికి ముందు నటాలిజుమాబ్ అని ఒకటి వచ్చింది. అది ఆల్ఫా-4ని పట్టుకుంటుంది, పక్కన బీటా-7 ఉందా లేదా అని చూడదు. దాంతో మెదడు వైపు వెళ్లే కణాలనూ ఆపేసింది, కొందరికి మెదడులో ప్రాణాంతకమైన వైరస్ జబ్బు వచ్చింది. 2005లో దాన్ని కొన్నాళ్లు మార్కెట్ నుంచే తీసేశారు. తేడా అంతా ఆ ఒక్క బీటా-7 దగ్గరే.

ఇంకొకటి చెప్పాలి, నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం అనిపించింది ఇదే. క్రోన్స్ పేగులో ఐఎల్-17 అనే ప్రొటీను ఎక్కువగా కనిపిస్తుంది. సరే, దాన్ని ఆపేస్తే జబ్బు తగ్గుతుందని సెక్యుకినుమాబ్ ఇచ్చి చూశారు. 2012లో ఫలితాలు వెలువడ్డాయి. తగ్గకపోగా ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకన్నా ఎక్కువ ఇబ్బందులు వచ్చాయి. ఐఎల్-17 పేగు లోపలి పొరని కాపాడుతుందట. ఐఎల్-17 చేసే కణాలకు ఊతమిచ్చే ఐఎల్-23ని, దానితోపాటు ఐఎల్-12ని ఆపే ఉస్టెకినుమాబ్ మాత్రం 2016లో క్రోన్స్‌కి మందు అయింది. ఒక మెట్టు పైన ఆపితే మేలు, కింద ఆపితే కీడు. మీ వ్యాసం వీటన్నిటినీ ఒకే గాటన కట్టేసింది.

ప్రమాదం లేదని నేను అనడం లేదు. ఒంట్లో నిద్రపోతున్న టీబీ క్రిములను గూడు కట్టి బంధించి ఉంచేది ఆ టీఎన్‌ఎఫ్ కూడా. దాన్ని తీసేస్తే టీబీ లేవచ్చు. నాకు ఎక్స్‌రే బాగానే వచ్చింది, టీబీ రక్తపరీక్ష మాత్రం పాజిటివ్. ఒక నెల టీబీ మాత్రలు మింగాకే మొదటి డ్రిప్ పెట్టారు, ఆ తర్వాతా కోర్సు అయ్యేదాకా మింగాను. హెపటైటిస్-బి కూడా చూశారు. బతికున్న క్రిములతో చేసే టీకాలు వద్దన్నారు. ఏ మందుతో ఏ ప్రమాదమో, దానికి ముందుగా ఏ పరీక్షో మీ వ్యాసంలో ఒక్క ముక్క రాసినా ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఈ ఆదివారం అదే పేజీలో మందుల పేర్లు విడివిడిగా ఇచ్చి మళ్లీ రాయించండి. డాక్టర్‌ని అడగకుండా డోసు తేదీ దాటించొద్దన్న మాటని, మొన్నటి శీర్షిక ఎంత లావు అక్షరాల్లో వేశారో అంత లావుగానూ వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక లెక్కల టీచరు