గూడ్స్ బండి ఫొటో తీయొచ్చో లేదో రాసిపెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

పట్టాల మీద రీల్స్ తీసే పిల్లల మీద కఠినంగా ఉండాలని అందరూ అంటున్నారు. నిజమే, ఉండాలి. అయితే ఆ కఠినత్వంలో అనంతపురం జిల్లాలో ఇంకో రకం పిల్లలు నలిగిపోతున్నారు. గుత్తి, గుంతకల్లు, తాడిపత్రి వైపు గూడ్స్ బండ్లను ఫొటోలు తీయడం ఇష్టంగా పెట్టుకున్న వాళ్లు కొందరున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. వందే భారత్ వస్తుంటే ప్లాట్‌ఫారం మీద అందరి ఫోన్లూ పైకి లేస్తాయి. మేం బొగ్గు రేక్ (ఒక బండికి తగిలించిన వ్యాగన్ల వరుస) కోసమో, సిమెంటు రేక్ కోసమో ఎండలో నిలబడతాం.

గూడ్స్ బండిలో చూడటానికి ఏముంది అని అడుగుతారు. రాయలసీమలో ఏం పండుతోందో, ఏం తవ్వుతున్నారో, ఏం తయారవుతోందో అందులోనే కనిపిస్తుంది. బళ్లారి, హోస్పేట గనుల ఇనుప ఖనిజం, ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రానికి బొగ్గు, ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు, మంగంపేట ముగ్గురాయి, అన్నీ రైలెక్కేవే. పెనుకొండలో కియా కార్లు ఎక్కే పెట్టెలను దగ్గరగా చూడండి. చాలావరకు అవి రిటైరైన ప్యాసింజర్ పెట్టెలే, కిటికీలు మూసేసి కార్ల కోసం మార్చినవి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి మన అరటిపళ్లు ఏసీ కంటైనర్లలో ముంబై రేవుకు బయలుదేరాయి. అదే ఏడాది సెప్టెంబరులో దక్షిణ భారతంలోనే మొదటి కిసాన్ రైలు, అంటే రైతుల పంటను మోసే బండి, అనంతపురం నుంచి ఢిల్లీకి వెళ్లింది.

ప్రతి వ్యాగన్ పక్కనా తెల్ల రంగుతో పదకొండు అంకెల నంబరు ఉంటుంది. మొదటి రెండూ అది ఏ రకం వ్యాగనో, తర్వాతి రెండూ ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండూ ఏ సంవత్సరంలో తయారైందో చెబుతాయి. తర్వాతి నాలుగూ దాని వరుస నంబరు. చివరి అంకె మిగతావి తప్పు లేకుండా రాశారో లేదో సరిచూసుకోవడానికి. ఇది తెలిసిన కుర్రాడు కదిలే బండిని చూస్తూ ఏ వ్యాగన్ ఎంత పాతదో చెప్పేస్తాడు. అలాంటి ఆసక్తి ఉన్న పిల్లల్ని తరిమేస్తే పోయేది ఎవరికి?

మొన్న ఒక స్టేషన్లో జరిగింది చెబుతాను. మా వీధిలో డిగ్రీ చదివే అబ్బాయి ప్లాట్‌ఫారం టికెట్ తీసుకుని, పసుపు గీతకు ఇవతలే నిలబడి, లూప్ లైన్లో, అంటే మెయిన్ లైన్ పక్క పట్టాల మీద, ఆగి ఉన్న గూడ్స్ ఇంజన్ ఫొటో తీశాడు. డ్యూటీలో ఉన్న ఒకాయన వచ్చి ఫోన్ లాక్కుని, గ్యాలరీ తెరిపించి, పిల్లాడు ఎన్నాళ్లుగానో దాచుకున్న ఫొటోలన్నీ డిలీట్ చేయించారు. ఏ రూలు సార్ అని అడిగితే, రూలు నీకు చెప్పాలా అన్నారట. అదే అబ్బాయి ఇంకో స్టేషన్‌కు పోతే అక్కడి స్టేషన్ మాస్టరు కూర్చోబెట్టి, వచ్చేది ఏ బండో చెప్పి, 'అంచుకు మాత్రం పోవద్దు నాయనా' అన్నారు. ఒకే పని ఒకచోట నేరం, ఇంకోచోట ముచ్చట! మనిషిని బట్టి, ఆ పూట మూడ్‌ను బట్టి రూలు మారిపోతుంటే పిల్లలు దేన్ని పాటించాలి? నేను తిరిగిన స్టేషన్లలో ఫొటోల గురించి తెలుగులో ఒక్క బోర్డు కూడా నా కంట పడలేదు.

పట్టాలెక్కేవాళ్ల సంగతి వేరు. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి చొరబడితే ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆ సెక్షన్ గట్టిగానే వాడండి. పైన తీగలో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోయినా ప్రాణం పోతుంది. ఆగిన వ్యాగన్ ఎక్కి సెల్ఫీ తీసుకునేవాణ్ణి మేమే ముందు కిందికి దింపుతాం. లోకో పైలట్ కళ్లలో ఫ్లాష్ కొట్టేవాణ్ణి కూడా వెనకేసుకు రాను.

బ్రిటన్లో పట్టాలు, సిగ్నళ్లు చూసుకునే నెట్‌వర్క్ రైల్ సంస్థ రైలు అభిమానుల కోసమే మార్గదర్శకాలు పెట్టింది. స్టేషన్‌కు రాగానే సిబ్బందికి చెప్పాలి, పసుపు గీత దాటకూడదు, ఫ్లాష్ వాడకూడదు. అమెరికాలో బీఎన్ఎస్ఎఫ్ అనే గూడ్స్ రైల్వే కంపెనీ 2006లో ఇంకో అడుగు ముందుకేసి, ఈ అభిమానుల పేర్లు నమోదు చేసుకుని, పట్టాల దగ్గర తేడాగా ఏం కనిపించినా ఫోన్ చేయమని నంబరిచ్చింది. మన దగ్గర బండి దాటిపోతుంటే సిబ్బంది పచ్చజెండా పట్టుకుని నిలబడేది ఊరికే కాదు కదా. ఇరుసు వేడెక్కి పొగొస్తోందా, కింద ఏదైనా వేలాడుతోందా అని చూస్తారు. ప్రతి వ్యాగన్నూ కళ్లప్పగించి చూసే కుర్రాళ్లు ఆ పనికి సాయమే అవుతారు.

ఇంకో బాధ కూడా ఉంది. గుంటూరు–గుంతకల్లు మీటర్ గేజ్ లైను (పట్టాల మధ్య మీటరు దూరమే ఉండే పాత లైను) 1990ల్లో పోయింది. నల్లమలలో దొరబావి వంతెన మీద మీటర్ గేజ్ గూడ్స్ పోతున్న ఫొటో కోసం పాత రైల్వే ఉద్యోగుల్ని ఎంతమందిని అడిగానో. నాకు దొరకలేదు. వాళ్ల జ్ఞాపకాల్లో ఉంది గానీ కాగితం మీద లేదు. అమెరికాలో నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే ఆవిరి ఇంజన్లు ఇక పోతున్నాయని తెలిసి ఓ. విన్‌స్టన్ లింక్ అనే ఫొటోగ్రాఫర్ 1955 నుంచి 1960 దాకా రాత్రిళ్లు లైట్లు పెట్టి మరీ వాటిని ఫొటోలు తీశాడు. ఆ రైల్వే ఆయనకు అడ్డుపడకపోగా సహకరించింది. ఇవాళ రోనోక్ ఊళ్లో ఆ రైల్వే పాత స్టేషన్ భవనంలోనే ఆ ఫొటోలకు మ్యూజియం ఉంది. ఇక్కడ ఇంజన్లను ఉంచి బాగుచేసే గుత్తి షెడ్డులో డీజిల్ ఇంజన్ల కాలం కళ్లముందే వెళ్లిపోతోంది. 1964 నుంచి వారణాసిలో తయారై, మన ఘాట్లలో నల్లపొగ చిమ్ముతూ బరువులు లాగిన ఆల్కో (అమెరికా కంపెనీ డిజైన్) డీజిల్ ఇంజన్లు లైన్లకు కరెంటు వచ్చాక మెయిన్ లైన్లో అరుదైపోయాయి. వాటిని ఇప్పుడు తీయకపోతే ఇంకెప్పుడు తీస్తాం?

గుంతకల్లు డివిజన్ అధికారులను నేను కోరేది పెద్ద ఖర్చు పని కాదు. ఎక్కడ నిలబడి తీయొచ్చు, ఏవి తీయకూడదు అన్నది తెలుగులో బోర్డు రాయించి ప్రతి స్టేషన్లో పెట్టండి. కావాలంటే స్టేషన్ మాస్టరు దగ్గర పుస్తకంలో పేరు, ఆధార్ నంబరు రాయించుకోండి. తప్పు చేస్తే కేసు పెట్టండి గానీ ఫోన్లు లాక్కుని ఫొటోలు చెరిపించవద్దని సిబ్బందికి చెప్పండి. రైల్వే వారోత్సవాలప్పుడు ఒక పూట ఈ పిల్లల్ని గుత్తి షెడ్డులోకి పిలిచి చూపిస్తే ఇంకా సంతోషం. ఒకవేళ ప్లాట్‌ఫారం మీద ఫొటోలు నిషేధం అనే మీ నిర్ణయమైతే, అదీ సెక్షన్ నంబరుతో సహా రాసిపెట్టండి. మేం రోడ్డు వంతెన మీద నుంచి తీసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుత్తి, అనంతపురం జిల్లా