నొప్పి లేదంటే నమ్మను

మాధవరం,
జనవరి 27.

చిరంజీవి శ్రీనుకి నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు కూడా క్షేమమని తలుస్తాను. నీ దగ్గర్నుంచి ఫోన్ వచ్చి ఈ రోజుకి పంతొమ్మిది రోజులు.

ఫోన్‌లో నీ మాట నాకు సగం వినపడదు. మిగతా సగం మీ అమ్మ చెప్పాలి. నేను బెంగపడతానని ఆవిడ కొన్ని ముక్కలు మింగేస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

దాళ్వా నాట్లు మొన్న పూర్తయ్యాయి. కాలవ నీళ్ళు ఈసారి వేళకి వచ్చాయి. గౌరి ఈనింది, పెయ్య దూడ. పెద్దత్తకి కంటి ఆపరేషన్ బాగా జరిగింది. చిట్టి సంబంధం సంగతి మీ అమ్మ విడిగా రాస్తానంది. పండక్కి ఇల్లంతా జనం. బుజ్జిగాడు కూడా సెలవు మీద వచ్చాడు. భోగి నాడు మన అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ, "శ్రీను కాలు ఎలా ఉంది బాబాయ్?" అన్నాడు. కాలేంటిరా అన్నాను. వాడి మొహం మారిపోయింది. గ్లాసు అక్కడే వదిలేసి లేచిపోయాడు. సాయంత్రం చెరువు గట్టు మీద పట్టుకుని నిలదీస్తే చెప్పాడు. నువ్వు సియాచిన్ బేస్ క్యాంపులో కుడికాలు ఈడుస్తూ నడుస్తున్నావట. రెండు వేళ్ళు నల్లబడ్డాయని ఎవరో అంటే విన్నాడట, వాడు కళ్ళతో చూడలేదట. మళ్ళీ పైకి వెళ్ళే జట్టులో నీ అంతట నువ్వే పేరు ఇచ్చావట.

విన్న మాట పట్టుకుని నిన్ను కేకలేయను. వేరే సంగతులు రాస్తాను.

నిన్న అటక మీంచి తాత ట్రంకు పెట్టె దించాం. అడుగున ఆయన పే బుక్కు, తుప్పు పట్టిన మగ్గు ఉన్నాయి. తాత బర్మాలో మద్రాసు సాపర్స్ అనే ఇంజినీర్ల దళంతో వంతెనలు కట్టాడు కదా. ఆయన చెప్పిన కథల్లో జపాన్ వాళ్ళకంటే దోమలే ఎక్కువ. ఆ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ చెప్పిన లెక్క ఒకటుంది. 1943లో గాయపడి వెనక్కి వచ్చిన ఒక్కొక్క సిపాయికి, జబ్బుచేసి వెనక్కి వచ్చినవాళ్ళు 120 మంది. మలేరియా రాకుండా రోజూ మెపాక్రిన్ అని ఒక బిళ్ళ ఇచ్చేవారు. అది మింగితే ఒళ్ళు పచ్చబడేది. మగతనం పోతుందని కూడా పుకారు పుట్టింది. దాంతో కుర్రాళ్ళు నాలిక కింద దాచి ఉమ్మేసేవారు. స్లిమ్ చెప్పాపెట్టకుండా పరీక్షలు చేయించాడు. బిళ్ళ వేసుకున్నవాళ్ళు నూటికి 95 మంది కన్నా తగ్గితే ఆ యూనిట్ కమాండింగ్ ఆఫీసర్‌ని తీసేశాడు. ముగ్గుర్ని తీసేసరికి మిగతావాళ్ళు దారికొచ్చారు. తాత కూడా ఉమ్మేసినవాడే. ఇంటికొచ్చాక రెండేళ్ళపాటు ఉండుండి చలిజ్వరం తిరగబెట్టేదనీ, మూడు బొంతలు కప్పి పైన తను పడుకున్నా ఆ వణుకు ఆగేది కాదనీ నాన్నమ్మ చెప్పేది.

అంతకుముందు 1914లో మన సిపాయిలు ఫ్రాన్స్ వెళ్ళినప్పుడు పాదాలతోనే పెద్ద బాధ వచ్చింది. పల్చటి నూలు ఖాకీ బట్టలతో మార్సెయ్ రేవులో దిగి, చలికాలమంతా నీళ్ళు నిలిచిన కందకాల్లో నిలబడ్డారు. రోజుల తరబడి తడిబూట్లలో ఉంటే పాదం ఉబ్బి, స్పర్శ పోయి, కుళ్ళిపోతుంది. దాన్ని ట్రెంచ్ ఫుట్ అనేవారు. చివరికి ఆ సైన్యం పట్టుకున్న ఉపాయం ఏంటంటే, ఇద్దరిద్దర్ని జత చేసి, ఒకడి పాదాలకి రెండోవాడిని బాధ్యుణ్ణి చెయ్యడం. బూట్లు విప్పించి, తుడిచి, నూనె రాసి, పొడి సాక్స్ తొడిగించాలి. తన కాలి గురించి మనిషి తనకి తానే అబద్ధం చెప్పుకుంటాడని వాళ్ళకి అర్థమైంది. నీకూ అలా జత చేసిన ఒక బడ్డీ ఉన్నాడు కదా. వాడికి చూపించావా?

కడప సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. మా తోపుల దళంలో (బ్యాటరీ అంటాం) వాణ్ణి అందరూ కడప అనే పిలిచేవాళ్ళు. నాకంటే రెండేళ్ళు చిన్న. కార్గిల్ యుద్ధం 1999 జూలైలో అయిపోయింది కానీ, ఆ కొండల మీది పోస్టుల్ని ఆ చలికాలం ఖాళీ చేయలేదు. మేం ద్రాస్‌లో ఉండిపోయాం. నేను కింద తోపుల దగ్గర. కడప రేడియో ఆపరేటర్, గుళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూసి చెప్పే ఓపీ పార్టీతో పైన ఇన్ఫాంట్రీ వాళ్ళ దగ్గర ఉండేవాడు. ఒకసారి రేడియో బ్యాటరీల కోసం కిందికి వచ్చాడు. వాడు వచ్చేసరికి చీకటి పడింది. టెంటులో అందరూ పడుకున్నాక నన్ను లేపి, టార్చ్ వెయ్యమని, ఎడమకాలి సాక్స్ విప్పాడు. కొండవాగు దాటుతుంటే మంచు విరిగి బూటులోకి నీళ్ళు పోయాయట. రెండు రోజులు అలాగే ఉన్నాడట. మొదటి రాత్రి ప్రాణం పోయేంత నొప్పి పుట్టిందట. "పొద్దున్నకి నొప్పి మొత్తం పోయిందన్నా, నయమైపోయింది" అన్నాడు. వాడి మొహంలో సంతోషం నాకిప్పటికీ కనపడుతుంది. వేళ్ళు మైనం ముద్దల్లా తెల్లగా ఉన్నాయి. నేను గోటితో గిచ్చినా వాడికి తెలియలేదు.

అప్పుడు వాడు చేసిన పని, తీసుకెళ్ళి పాదాన్ని బుఖారీ, అంటే టెంటులో వెలిగించే పొయ్యి, పక్కన పెట్టడం. స్పర్శ లేదు కదా, కాలుతున్నా తెలియలేదు. తెల్లారేసరికి బొబ్బలు లేచి నీళ్ళు కారుతున్నాయి. డాక్టర్ చూసే ఎంఐ రూంకి పద అన్నాను. నెల రోజుల్లో వాడికి నాయక్ ప్రమోషన్ కోసం కేడర్ కోర్సు ఉంది. లో మెడికల్ కేటగిరీ పడితే, అంటే ఒంట్లో లోపముందని రికార్డుకెక్కితే, కోర్సు పోతుంది, పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఆలోచిస్తారన్నాడు. నా చెయ్యి తన తలమీద పెట్టించుకుని ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. సుబేదార్ సాబ్ అడిగితే "ఠీక్ హై సాబ్" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. కట్టు కట్టుకుని మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు.

ఒకసారి గడ్డకట్టి కరిగిన కండ మళ్ళీ గడ్డకడితే ఇక దక్కదు. ఆ సంగతి మాకు క్లాసులో చెప్పారు కూడా. నాలుగో రోజు వాణ్ణి హెలికాప్టర్‌లో దించారు. వేళ్ళు నల్లబడ్డాక కూడా డాక్టర్లు వెంటనే కొయ్యరురా. చచ్చిన కండకీ బతికిన కండకీ మధ్య గీత తేలేదాకా వారాలు ఆగుతారు. నేను చూడ్డానికి వెళ్ళేసరికి వాడు మంచం మీద కూర్చుని తన వేళ్ళు తను చూసుకుంటున్నాడు. ఏడు వారాలు అలా చూసుకున్నాడు. చివరికి బొటనవేలుతో కలిపి మూడు తీశారు. బొటనవేలు లేకపోతే అడుగు ముందుకి తోసే పట్టు పోతుంది. ఇప్పటికీ వాడు మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటాడు. ఏటా ఉగాదికి నాకు ఫోన్ చేస్తాడు. ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు.

అందుకని బుజ్జిగాడి మీద కోప్పడకు. నేను చెయ్యలేని పని వాడు చేశాడు.

నా చెవుల సంగతీ అంతే. ఆ యుద్ధంలో మన ఆర్టిలరీ రెండున్నర లక్షలకి పైగా గుళ్ళు, రాకెట్లు పేల్చింది. మా బోఫోర్స్ తోపు దగ్గర చాలా రోజులు చెవుల్లో దూదే. హోరు మొదలైతే రెండు రోజుల్లో పోతుందనుకున్నాను. మెడికల్‌లో షేప్ అని రాస్తారు కదా, అందులో హెచ్ అంటే వినికిడి, ఒకటి అంటే పూర్తిగా బాగున్నట్టు. అది ఒకటి నుంచి దిగకూడదని అడిగినప్పుడల్లా బాగానే వినపడుతోందని చెప్పాను. రికార్డులో ఎక్కలేదు కాబట్టి రిటైరయ్యాక చూపించడానికి కాగితం లేదు. డబ్బు గురించి కాదు. ఇప్పుడు రాత్రి అందరూ పడుకున్నాక ఆ హోరు ఒక్కటే ఉంటుంది. నువ్వు ఫోన్ చేస్తే నీ గొంతు దాని కిందికి పోతుంది.

సరే, ఇవి గుర్తుపెట్టుకో. కాలికి మంట దగ్గర వేడి తగలనివ్వకు. మంచుతో రుద్దకు, అసలు రుద్దనే రుద్దకు. డాక్టర్ దగ్గరికి చేరాక గోరువెచ్చని నీళ్ళు, చంటిపిల్లల స్నానానికి సరిపడేంత వేడి. బొబ్బలు చిదపకు. సాక్స్ మీద సాక్స్ బిగించకు, రక్తం ఆడదు. చుట్ట, సిగరెట్ ముట్టకు, అవి రక్తనాళాల్ని ఇంకా బిగిస్తాయి. ఒకసారి చలి తిన్న కాలిని చలి మళ్ళీ తొందరగా పట్టుకుంటుంది, కాబట్టి ఈ దఫా పైకి వెళ్ళే ఆలోచన మానుకో. దగ్గొచ్చి, పడుకున్నా ఆయాసంగా ఉంటే హేపో, అంటే ఎత్తు మీద ఊపిరితిత్తుల్లో నీరు చేరే జబ్బు, అనుకుని ఆ క్షణమే చెప్పు. రాత్రికి రాత్రే ప్రాణం తీస్తుంది అది. 2003 నుంచి సియాచిన్‌లో తుపాకులు ఆగాయి కానీ మనుషులు పోవడం ఆగలేదు. 2016లో హనుమంతప్ప అనే జవాన్ని ఆరు రోజుల తర్వాత మంచు కిందనుంచి ప్రాణంతో తీశారని టీవీలో చూసి మీ అమ్మ దణ్ణాలు పెట్టింది. తీసిన మూడు రోజులకే ఢిల్లీలో పోయాడు. అప్పట్నుంచి ఇంట్లో గ్లేసియర్ అన్న మాట ఎవరూ అనం.

కేటగిరీ గురించి బెంగపడకు. టెంపరరీ కేటగిరీ ఇస్తారు, కొన్నాళ్ళకి మళ్ళీ బోర్డు చూస్తుంది. కోర్సు వచ్చే ఏడు చేసుకోవచ్చు. గాయం రిపోర్టు రాయించి, కాపీ నీ దగ్గర ఒకటి పెట్టుకుని నాకొకటి పంపు.

కేకలేయనని మొదట్లో రాశాను. ఇప్పుడు చదివి చూసుకుంటే మొత్తం అదే ఉంది. ఏమీ అనుకోకు నాన్నా.

ఈ ఉత్తరంతో పాటు పార్శిల్ పంపుతున్నాను. నాలుగు జతల ఉన్ని సాక్స్ ఉన్నాయి. నీ సైజుకన్నా ఒక సైజు పెద్దవి కావాలనే కొన్నాను, చిన్నవాటితో మార్చుకోకు. సున్నుండలు మీ అమ్మ చేసింది. నువ్వు కరకరలాడే జంతికలు అడిగావట, అవి దారిలో పొడైపోతాయని పెట్టలేదు. కాలి సంగతి మీ అమ్మకి ఇంకా తెలియదు. నిన్న సాక్స్ మడతపెడుతూ, ఇన్ని జతలెందుకండీ అని రెండుసార్లు అడిగింది.

ఉత్తరం అందగానే జవాబు రాయక్కర్లేదు. నెట్‌వర్క్ ఉన్నచోట ఒక ఫోటో తీసి పంపు. మొహం ఫోటో కాదు. సాక్స్ విప్పి, రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి, పగటి వెలుతుర్లో తియ్యి. పది వేళ్ళూ కనపడాలి.

ఇట్లు,
మీ నాన్న