సర్జికల్ వార్డుల్లో రేజరు ఇంకా ఎందుకు? వైద్య విద్య సంచాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య విద్య సంచాలకుల గారికి,

శస్త్రచికిత్సకు ముందు రోగి ఒంటిమీది వెంట్రుకలను రేజరుతో గీయరాదని, తప్పనిసరైతే క్లిప్పర్‌తో (చర్మాన్ని గీయకుండా వెంట్రుకలను కత్తిరించే పరికరంతో) మాత్రమే తీయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే స్పష్టంగా చెప్పింది. రేజరు చేసే కంటికి కనబడని గాట్లలో సూక్ష్మజీవులు చేరి కోత చీము పట్టే ప్రమాదం ఉంది. అయినా మా వార్డులో ఆపరేషన్ ముందురోజు సాయంత్రం ట్రేలో కనిపించేది బ్లేడే. క్లిప్పర్ల కోసం పెట్టిన ఇండెంటు (సరఫరా కోరే పత్రం), అవి కొనుగోలు జాబితాలో లేవన్న సమాధానంతో తిరిగి వస్తుంది.

సామగ్రి కంటే పెద్ద అడ్డంకి అధికారం. మత్తుకు రెండు గంటల ముందు వరకు చాలామంది రోగులు మంచినీళ్లు తాగవచ్చని తెలిసిన నర్సు కూడా, కేస్ షీటులో 'రాత్రి పన్నెండు నుంచి ఏమీ ఇవ్వరాదు' అని ఉంటే, మధ్యాహ్నం దాకా వంతు రాని ముసలాయన గుక్కెడు నీళ్లడిగినా ఇవ్వలేకపోతుంది, ప్రశ్నిస్తే డాక్టర్ల నుంచి "మాకు చెప్పేంతదానివా?" అన్న మాటే ఎదురవుతుంది. ఇక కొత్త పరిశోధనలు చదువుకొమ్మనే సలహా ఉంది. రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒక్కరే ఉన్నప్పుడు, అదీ ఆంగ్లంలో, ఎప్పుడు చదవాలో సలహా ఇచ్చేవారే చెప్పాలి.

కనుక క్లిప్పర్లను కొనుగోలు జాబితాలో చేర్చాలని, మత్తు వైద్యులూ నర్సులూ కలిసి కూర్చుని ఉపవాస నియమాలను తెలుగులో రాసి ప్రతి వార్డుకూ పంపేలా లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నర్సింగ్ ఆఫీసర్