సోలారిస్‌లో విప్పితే ఫైళ్లు పోతున్న మీ ఇన్‌స్టాల్ ప్యాకేజీపై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: పేరోల్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ టార్ ఫైల్‌లో (అనేక ఫైళ్లను ఒకే మూటగా కట్టిన ఫైల్) లోపం, మూసేసిన టికెట్‌ను తిరిగి తెరవాలని వినతి.

అయ్యా,

హైదరాబాద్‌లోని ఒక సంస్థలో నేను యూనిక్స్ సర్వర్లు చూస్తుంటాను. మా జీతాల లెక్కంతా స్పార్క్ ప్రాసెసర్ ఉన్న సర్వర్‌పై, సోలారిస్ 10 అనే యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో, మీ సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తోంది. మీరు సపోర్ట్ చేస్తామని ఒప్పందంలో రాసిచ్చిన సిస్టమ్‌లలో సోలారిస్ 10 కూడా ఉంది.

కొత్త వెర్షన్ ఎక్కించినప్పుడు ఏ ఎర్రరూ రాలేదు. నెలాఖరున పీఎఫ్ రిపోర్ట్ తీయబోతే జావా క్లాస్ దొరకడం లేదంటూ ఆగిపోయింది. మీవాళ్లు డౌన్‌లోడ్ పాడైందన్నారు. ఫైల్ చెడిపోలేదని తేల్చే చెక్‌సమ్ సంఖ్య సరిపోయిందని చూపిస్తే డిస్క్ మీద అనుమానపడ్డారు. చివరికి లినక్స్‌కు మారమని సలహా ఇచ్చి, "కస్టమర్ సిస్టమ్ లోపం" అని రాసి టికెట్ మూసేశారు.

లోపం మీ ప్యాకేజీలోనే ఉంది. పాత టార్ పద్ధతిలో ప్రతి ఫైల్ ముందూ దాని వివరాలుండే హెడర్‌లో, ఫోల్డర్ల దారితో కలిపి ఫైల్ పేరుకు ఉన్న చోటు 100 అక్షరాలే. మీరు ప్యాకేజీ కట్టిన గ్నూ టార్ (లినక్స్‌లో సాధారణంగా వాడే టార్ ప్రోగ్రామ్), అంతకన్నా పొడవైన పేరు వస్తే ముందు @లాంగ్‌లింక్ అనే ఎంట్రీ పెట్టి, పూర్తి పేరును అందులో దాస్తుంది. ఆ ఎంట్రీ ఏ రకమో చెప్పే గుర్తు (టైప్‌ఫ్లాగ్) 'ఎల్' అంటే ఏమిటో సోలారిస్ టార్‌కు తెలియదు. అందుకే దాన్ని మామూలు ఫైల్‌గా రాసేసి, అసలు ఫైల్‌ను 100 అక్షరాల దగ్గర తెగిన పేరుతో పెడుతుంది. మీ జావా ఫోల్డర్లు ఒకదాన్లో ఒకటి చాలా లోతుగా ఉన్నాయి. మొదటి 100 అక్షరాలూ ఒకటే అయిన క్లాసులు రెండుంటే, రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది. మా పీఎఫ్ క్లాస్ అలాగే పోయింది.

ఇంత జరుగుతున్నా మాకు తెలియకపోవడానికి కారణం మీ ఇన్‌స్టాల్ స్క్రిప్టే. టార్ ఇచ్చే హెచ్చరికలన్నిటినీ అది డెవ్ నల్‌లోకి, అంటే ఏదీ మిగలని చెత్తబుట్టలోకి పారబోస్తోంది. అదే ఫైల్‌ను నేను చేత్తో విప్పితే హెచ్చరికలు వరసగా వచ్చాయి. సోలారిస్ 10తో వచ్చే జీటార్‌తో (గ్నూ టార్‌కు అక్కడి పేరు) విప్పితే ఫైళ్లన్నీ చక్కగా వచ్చాయి, రిపోర్ట్ కూడా నడిచింది. డిస్క్ బాగానే ఉందనడానికి ఇంకేం కావాలి?

ఉచితంగా దొరికే అపాచీ టామ్‌క్యాట్ అనే జావా సర్వర్ సాఫ్ట్‌వేర్ సైతం తన టార్ ఫైళ్లలో గ్నూ పద్ధతులున్నాయని, సోలారిస్ టార్‌తో విప్పవద్దని డౌన్‌లోడ్‌తో ఇచ్చే సూచనల్లోనే రాసింది. ఏటా డబ్బు తీసుకుంటున్న మీరు ఆ పాటి మాట కూడా రాయలేదు. నెలాఖరున జీతాల పని ఆగితే జవాబు చెప్పుకోవలసింది మేము.

దీన్ని సరిచేయడం కష్టం కాదు. ప్యాకేజీ కట్టేటప్పుడు గ్నూ టార్‌కు ఫార్మాట్ యూస్టార్ అని చెప్పండి. యూనిక్స్ సిస్టమ్‌లన్నీ ఒకేలా పనిచేయడానికి పెట్టుకున్న పోసిక్స్ ప్రమాణంలో 1988 నాటి టార్ పద్ధతి అది. పేరుకు 100, ముందున్న దారికి 155 అక్షరాల చోటిస్తుంది. మీ ఫైళ్ల పేర్లన్నీ అందులో పడతాయని నేను పరీక్షించి చూశాను. రేపు ఏదైనా పట్టకపోతే ప్యాకేజీ కట్టేటప్పుడే ఎర్రర్ వస్తుంది. మీ దగ్గరే తెలిసిపోతుంది.

టికెట్ తిరిగి తెరిచి, అందులోని "కస్టమర్ సిస్టమ్ లోపం" అన్న మాట తీసేయండి. యూస్టార్‌లో కట్టిన ప్యాకేజీని సోలారిస్ సొంత టార్‌తో విప్పి పరీక్షించాకే పంపండి. స్క్రిప్ట్ హెచ్చరికలను మింగకుండా మార్చండి. సోలారిస్ వాడే మీ మిగతా కస్టమర్లకూ ఈ సంగతి వెంటనే తెలియజేయండి. వాళ్ల దగ్గర ఏ రిపోర్ట్ ఎప్పుడు ఆగుతుందో వాళ్లకింకా తెలియదు.

ఇట్లు,
సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్