వార్షిక నివేదిక: పెద్ద పిల్లలతో ఈ ఏడాది

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, సంక్రాంతి బెంగళూరు మారతహళ్ళిలో ఎప్పటిలాగే జరుపుకున్నాం. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. ఈసారి ఎనిమిదో తరగతి నుంచి సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) దాకా చదివే మన పిల్లల గురించే ఎక్కువ రాయాలనిపించింది.

జూన్‌లో తల్లిదండ్రులను పిలిచినప్పుడు దాదాపు అందరూ రెండే అడిగారు: ఫోన్ ఎలా మాన్పించాలి, చెడు స్నేహాలు ఎలా తప్పించాలి? పిల్లలతో విడిగా కూర్చుంటే వేరే మాట వినిపించింది. "తిట్టినా పర్లేదు ఆంటీ, ఫ్రెండ్స్ ముందు మాత్రం తిట్టొద్దని చెప్పండి" అంది ఒక టెన్త్ అమ్మాయి. మా ఆలోచన అక్కడే మారింది.

ఆ వయసులో తోటివాళ్ళ చూపుకు ఎంత బలముందో 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు తేల్చారు. కంప్యూటర్‌లో కారు నడిపే ఆట పెడితే, 13-16 ఏళ్ళ పిల్లలు ఒంటరిగా ఉన్నప్పటికంటే తోటివాళ్ళు పక్కనున్నప్పుడు చాలా ఎక్కువ తెగించారు. 24 దాటినవాళ్ళలో ఆ తేడా కనిపించలేదు. ఆగి ఆలోచించమనే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగాలంటే పాతికేళ్ళు రావాలి. అది తెలిశాక "నీకు బుద్ధి లేదా" అని పిల్లల్ని అనడానికి నాకైతే నోరు రావడం లేదు.

అదే చూపు మంచివైపూ లాగుతుంది. ఆదివారం తెలుగు బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పే పని ఈసారి పెద్ద పిల్లలకు జట్లుగా అప్పగించాం. మొదటి వారం ముగ్గురే వచ్చారు. వాళ్ళను చూసి వాళ్ళ ఫ్రెండ్స్ వచ్చారు. తెలుగు రాయడం రాదని సిగ్గుపడే ఒక అబ్బాయి ముందురోజు రాత్రి అమ్మ దగ్గర గుణింతాలు దిద్దుకుని మరీ వచ్చేవాడు.

ఉగాది వేదిక మీద ర్యాంకులు చదివి సన్మానించే ఆనవాయితీ మానేశాం. కొందరు సభ్యులు నొచ్చుకున్నారు, వాళ్ళ బాధా అర్థమవుతుంది. కానీ మార్కులు తగ్గిన పిల్లలు పండగ రోజున ఇంట్లోనే ఉండిపోతుంటే ఇన్నేళ్ళు మనం పట్టించుకోలేదు. అది మన తప్పే.

పరీక్షల టెన్షన్ పిల్లలను కుంగదీస్తుంటే 14416కు ఫోన్ చేయండి. ఇది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, మన ఊళ్ళోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి ముఖ్య కేంద్రం. ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

తెలుగు బడికి ఇప్పుడున్న గది చాలడం లేదు. ఆదివారం ఉదయం తమ అపార్ట్‌మెంట్ హాలు ఇప్పించగల సభ్యులు దయచేసి నాకు చెప్పండి.

- కార్యదర్శి